పావంగుళం కుట్టు: క్విల్టు ముక్కలు లెక్క తప్పకుండా అతకడం

గుడ్డ ముక్కలు అతికి కుట్టే బొంతను క్విల్టు అంటారు. దాని నమూనాలు చాలావరకు ఒక్క లెక్క మీద నడుస్తాయి. అతికే ప్రతి అంచునా పావంగుళం కుట్టులోకి పోతుందని ముందే కలిపి ముక్క కొలత ఇస్తారు. పూర్తయ్యాక 2 అంగుళాల గడి కనబడాలంటే 2.5 అంగుళాల ముక్క కోయాలి. రెండు పక్కలా చెరో పావు పోతుంది. ఇంతవరకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, అంచు నుంచి కచ్చితంగా పావంగుళం దూరంలోనే కుట్టినా ఆ గడి 2 అంగుళాలకు రాదు. కొంచెం తగ్గుతుంది.

కారణం మడత. కుట్టిన తర్వాత మార్జిన్‌ను, అంటే కుట్టుకు బయట మిగిలే ఆ పావంగుళం అంచును, ఒక పక్కకు తిప్పి ఇస్త్రీ చేస్తాం. గుడ్డ కాగితంలా పదునుగా మడత పడదు. తన మందాన్నీ లోపలి దారం మందాన్నీ చుట్టుకుని తిరగాలి. ఆ తిరుగుడుకి ఒకటి రెండు పోగుల గుడ్డ ఖర్చవుతుంది. కాబట్టి కుట్టాల్సింది నిండు పావు కాదు, ఒకటి రెండు పోగులు తక్కువైన బొటాబొటి పావు. నమూనాల్లో స్కాంట్ క్వార్టర్ అని రాసేది దీన్నే. ఎన్ని పోగులు తగ్గించాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. అది మీ గుడ్డ మందం, మీ దారం, మీ ఇస్త్రీ చెయ్యి కలిసి తేల్చే సంగతి. అందుకే ఈ పనిలో కొలవాల్సింది మార్జిన్‌ను కాదు, ఇస్త్రీ అయ్యాక మిగిలిన ముక్కను. ఆ ఒక్కటీ పట్టుబడితే తక్కినవన్నీ దాని వెనకే వస్తాయి.

ముందుగా కొలతల పేర్లు. పదహారో వంతుకు తెలుగులో వీసం, ఎనిమిదో వంతుకు పరక అనే పాత పేర్లున్నాయి. ఈ పనికి కొలిచి చేసినట్టున్న మాటలవి, కాబట్టి ఇక్కడ అవే వాడుతున్నాం. అంగుళంలో వీసం అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు, అరవీసం 0.8, పావంగుళం 6.35. సెంటీమీటర్లలో రాసిన నమూనా అయితే కోత దగ్గర్నుంచి కుట్టు దాకా సెంటీమీటర్లలోనే ఉండండి. మధ్యలో అంగుళాల్లోకి మార్చితే ఆ సర్దుబాటులోనే లెక్క తప్పుతుంది.

అరవీసంతో వచ్చే నష్టం

"తప్పయినా ఫరవాలేదు, అన్ని కుట్లూ ఒకేలా ఉంటే చాలు" అని తరచూ వినబడుతుంది. అది సగమే నిజం. క్విల్టంతా ఒకే రకం బ్లాకు (కొన్ని ముక్కలు అతికి చేసే చదరపు భాగం) అయితే, అన్నీ సమానంగా చిన్నవై కూర్చుంటాయి, ఎవరికీ తెలియదు. కానీ ముక్కల సంఖ్య వేరైన బ్లాకులు పక్కపక్కన వస్తే ఆ ధీమా చెల్లదు.

లెక్క వేసి చూడండి. 2.5 అంగుళాల ముక్కలు 8 వరసగా కుడితే 16.5 అంగుళాలు రావాలి. అందులో 7 కుట్లు. ప్రతి మార్జిన్ అరవీసం ఎక్కువ పోయిందనుకోండి. కుట్టుకు రెండు పక్కలా పోతుంది కాబట్టి ఒక్కో కుట్టు దగ్గర వీసం నష్టం. 7 కుట్లకు 7 వీసాలు, అంటే దాదాపు అర అంగుళం. దాని కింద రావాల్సిన వరస 8.5 అంగుళాల ముక్కలు రెండు కలిపింది. అదీ 16.5 రావాలి, కానీ ఒక్కటే కుట్టు కాబట్టి పోయింది ఒక్క వీసం. రెండు వరసల మధ్య 6 వీసాల తేడా, అంటే 3 పరకలు. అంత తేడాను లాగి సరిపెట్టబోతే పై పొర ముడతలు పడుతుంది. కుట్టింది మాత్రం ప్రతిసారీ ఒకేలాగే!

కాబట్టి ఒకేలా ఉండటమూ కావాలి, సరిగా ఉండటమూ కావాలి. మొదటిది చెయ్యి అలవాటు వల్ల వస్తుంది, రెండోది పరీక్ష వల్ల.

మూడు పట్టీల పరీక్ష

కొత్త క్విల్టు మొదలుపెట్టే ముందు, అందులో వాడబోయే గుడ్డతోనే, అదే దారంతో, అదే సూదితో ఇది చేయాలి. చేతికందిన పాతగుడ్డతో చేస్తే ఉపయోగం లేదు.

1. 1.5 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉన్న మూడు పట్టీలు కోయండి. కుట్టే ముందు మూడింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. అంచులు కలవకపోతే మళ్ళీ కోయండి. కోతలో తప్పున్న పట్టీలతో కుట్టును పరీక్షించలేం.

2. రెండు పట్టీలు అతికి, మార్జిన్‌ను ఒక పక్కకు ఇస్త్రీ చేసి, మూడోది రెండోదాని పక్కన అతకండి. దీన్ని కూడా ఇస్త్రీ చేసి చల్లారనివ్వండి.

3. గళ్ళున్న అక్రిలిక్ స్కేలుతో, గుడ్డ టేపుతో కాదు, మధ్య పట్టీ వెడల్పు కొలవండి. పైన, నడుమ, కింద మూడు చోట్లా 1 అంగుళం ఉండాలి. మొత్తం వెడల్పు 3.5 అంగుళాలు ఉండాలి.

మధ్య పట్టీనే ఎందుకు చూడాలంటే, దానికి రెండు పక్కలా కుట్టుంది. తప్పు అక్కడ రెట్టింపై కనిపిస్తుంది. వీసం తగ్గిందంటే మీ మార్జిన్ అరవీసం ఎక్కువ పోతోంది. వీసం పెరిగిందంటే అరవీసం తక్కువ. కుట్టేటప్పుడు గుడ్డ అంచు ఆనించే గైడును (దాన్ని పెట్టే తీరు కింద వస్తుంది) సరిగ్గా ఆ అరవీసమే జరపాలి. తగ్గిందంతా జరిపితే ఈసారి రెండో పక్కకు తప్పుతుంది.

మూడు చోట్లా మూడు రకాలుగా వస్తే గైడు జోలికి పోవద్దు. పైన సరిగా ఉండి కింద సన్నగానో లావుగానో ఉంటే చివరి అంగుళంలో గుడ్డ పక్కకు జరుగుతోంది. మధ్య పట్టీ 1 అంగుళం ఉండి మొత్తం 3.5 రాకపోతే పక్క పట్టీల కోతలో తేడా ఉంది. మధ్య పట్టీ తగ్గింది కానీ వెనక తిప్పి మార్జిన్ కొలిస్తే సరిగానే ఉంటే, కుట్టు పక్కన మడత తెరుచుకోకుండా ఇస్త్రీ అయిపోయింది. వేలిగోరుతో కుట్టు వెంట గీకి చూడండి, లోపల దాక్కున్న గుడ్డ బయటపడుతుంది.

సరిగా వచ్చిన నమూనాను పారేయకుండా మిషను పక్కనే పెట్టుకోండి. దానిమీద దారం, సూది నంబరు, గైడు ఎక్కడుందో రాసిపెడితే ఆరు నెలల తర్వాత మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.

కోత

కుట్టు తప్పిందని తిట్టుకునే చాలా సందర్భాల్లో తప్పు కోతది. 1979లో ఓల్ఫా సంస్థ గుండ్రటి బ్లేడు తిరిగే రోటరీ కట్టరు తెచ్చింది. అంతకుముందు అట్టముక్క చుట్టూ కుట్టే గీత గీసి, బయట అంచనాగా మార్జిన్ వదిలి కత్తెరతో కోసేవారు. అంచు వంకరగా ఉన్నా నష్టం లేదు, కుట్టేది గీత మీద. రోటరీ కట్టరు వచ్చాక గీతలు పోయాయి, కోసిన అంచే గీత అయింది. పని ఎన్నో రెట్లు త్వరగా సాగింది గానీ, అంచులో ఉన్న తప్పంతా నేరుగా కుట్టులోకి దిగడం కూడా అప్పుడే మొదలైంది. (చేత్తో అతికేవారు ఇప్పటికీ గీత మీదే కుడతారు. వాళ్ళకు ఈ బాధ చాలావరకు లేదు.)

కోతకు ముందు గుడ్డకు పల్చగా గంజి పెట్టి, పూర్తిగా ఆరాక ఇస్త్రీ చేయండి. గంజి పెట్టిన గుడ్డ బ్లేడు కింద జరగదు, గుడ్డను లాగే మిషను పళ్ళ మీద సాగదు, మడత పదునుగా పడుతుంది. కోసిన తర్వాత గంజి పెడితే ముక్క ఆకారం మారుతుంది. ఉతకడం కూడా ముందే తేల్చుకోవాలి. అన్ని గుడ్డలూ ఉతికినవి, లేదా అన్నీ ఉతకనివి. కలిపి వాడకండి. తానుకు రెండు పక్కలా గట్టిగా నేసిన అంచును తీసేయాలి. అది మిగతా గుడ్డతో సమానంగా ముడుచుకోదు.

స్కేలు గీతకు కూడా మందం ఉంటుంది. గీత మొత్తం గుడ్డ మీద పడేలా పెడతారా, అంచుకు ఆనించి బయట పెడతారా అన్నదాంట్లోనే రెండు పోగుల తేడా వస్తుంది. గీత గుడ్డ మీద ఉండేలా పెట్టడం మంచిది. ఏది చేసినా క్విల్టంతా అదే చేయండి. స్కేలు కూడా ఒక్కటే వాడండి. రెండు కంపెనీల స్కేళ్ళను ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే గీతలు కలవకపోవడం అరుదేమీ కాదు. కోతకు కింద పరిచే చాప మీది గళ్ళు కొలతకు కాదు, గుడ్డను సుమారుగా నిలువుగా పరుచుకోవడానికే.

పట్టీ నడుమ చిన్న వంపు కనిపిస్తే గుడ్డ మడత స్కేలుకు లంబంగా లేదన్నమాట. మూడు నాలుగు పట్టీలు కోసినప్పుడల్లా అంచును మళ్ళీ లంబం చేసుకోవాలి. నాలుగు పొరలు మించి ఒకేసారి కోయవద్దు, కింది పొర జరిగి సన్నగా వస్తుంది. పొడుగు కోతలో స్కేలు మీద చెయ్యి ఒకేచోట నొక్కి ఉంచితే దూరపు కొస తిరుగుతుంది. బ్లేడును ఆపి, చేతిని వేళ్ళతో నడిపించి పైకి జరిపి, మళ్ళీ కోయండి. బ్లేడు అక్కడక్కడ పోగులు వదిలేస్తుంటే మార్చేయండి. వదిలిన పోగును లాగి తెంపిన చోట అంచు సాగిపోతుంది.

మిషను సర్దుకోవడం

దారం సన్నగా ఉండాలి. 50 నంబరు కాటన్ దారం, పైనా కింది దారం చుట్టే బాబిన్‌లోనూ అదే. నంబరు తగ్గేకొద్దీ దారం లావవుతుంది. 40 నంబరు వేస్తే మడత దగ్గర ఇంకాస్త గుడ్డ పోతుంది, పరీక్ష మళ్ళీ చేయాలి. సూది 70/10 లేదా 80/12, మొన పదునైన రకం. దాదాపు 8 గంటల కుట్టుపనికి ఒకసారి సూది మార్చడం మంచి అలవాటు. మొద్దుబారిన సూది పోగులను నెట్టుకుంటూ దిగుతుంది, కుట్టు గీత అలలుగా వస్తుంది. కుట్టు పొడవు 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. ముక్కల చివర్లలో వెనక్కి కుట్టి ముడి వేయం. పక్కనుంచి వచ్చే కుట్టే దాన్ని పట్టుకోవాలి, కాబట్టి కుట్టు మరీ పొడుగైతే చివర విడిపోతుంది.

జిగ్‌జాగ్ కుట్టే మిషన్ల ప్లేటులో సూది దిగే చోట వెడల్పాటి చీలిక ఉంటుంది. ముక్క మొదటి మూలను సూది ఆ చీలికలోకి తోసేస్తుంది. ఒకే గుండ్రటి రంధ్రం ఉన్న స్ట్రెయిట్ స్టిచ్ ప్లేటు బిగిస్తే ఈ గొడవ పోతుంది, కుట్టు కూడా చక్కగా వస్తుంది. 1933లో వచ్చిన సింగర్ 221 ఫెదర్‌వెయిట్ మిషన్లను ముక్కలు అతికేవారు ఇంకా వదలకపోవడానికి ఇదొక కారణం. అది కుట్టేది నేరు కుట్టు ఒక్కటే, రంధ్రం కూడా ఒక్కటే. అయితే ఒకే రంధ్రం ప్లేటు ఉన్నప్పుడు సూదిని పక్కకు జరిపినా జిగ్‌జాగ్ పెట్టినా సూది ప్లేటుకు తగిలి విరుగుతుంది. ప్లేటు మార్చగానే మిషను మీద ఒక చీటీ అంటించుకోండి.

ఇక గైడు. గుడ్డను నొక్కి పట్టే మామూలు ఫుట్ కుడి అంచు సూదికి పావంగుళం దూరంలో ఉంటుందని నమ్మవద్దు. చాలా మిషన్లలో అది ఎక్కువే ఉంటుంది. స్కేలును ఫుట్ కిందికి జరిపి, చేతి చక్రం తిప్పి, సూది మొన స్కేలు కుడి అంచు నుంచి పావంగుళం గీతను లోపలి వైపు, అంటే కుడి అంచు వైపు, ఆనుకునేలా పెట్టండి. స్కేలు నిటారుగా ఉందో లేదో ప్లేటు గీతలతో సరిచూసి, ఫుట్ దించండి. ఇప్పుడు స్కేలు కుడి అంచుకు ఆనించి ప్లేటు మీద మాస్కింగ్ టేపు అంటించండి. ఒకదానిమీద ఒకటి ఐదారు పొరలు వేస్తే చిన్న గట్టులా లేచి, గుడ్డ దానికి ఆనుకుని పోతుంది. గట్టు సూది ముందు రెండు మూడు అంగుళాలు ఉండాలి. సూది దగ్గర మాత్రమే ఉంటే లాభం లేదు, గుడ్డ దారి తప్పేది అంతకు ముందే. గుడ్డను లాగే పళ్ళ మీద టేపు పడకూడదు. బాబిన్ మూత మీదుగా పోతే మూత గీత దగ్గర కోసుకోండి.

పావంగుళం ఫుట్ అమ్ముతారు, పక్కన లోహపు రెక్కతో. సుఖంగానే ఉంటుంది, కానీ పెట్టగానే సరైపోతుందనుకోవద్దు. ఆ ఫుట్‌తో కూడా మూడు పట్టీల పరీక్ష చేయాల్సిందే. రెక్కకు గుడ్డను మరీ నొక్కితే అంచు పైకి ముడుచుకుని, కుట్టులోకి అనుకున్నదానికంటే ఎక్కువ గుడ్డ పోతుంది. అంచు రెక్కను తాకీ తాకనట్టు ఉండాలి. సూదిని జరిపే వీలున్న మిషనైతే కుడి పక్కకు ఒక్కో మెట్టు జరిపి మార్జిన్ తగ్గించుకోవచ్చు, ప్లేటూ ఫుట్ రంధ్రమూ వెడల్పుగా ఉంటేనే. ముందు చేతి చక్రం తిప్పి సూది దేనికీ తగలట్లేదని చూసుకోండి. 9 మిల్లీమీటర్ల జిగ్‌జాగ్ మిషన్లలో గుడ్డను లాగే పళ్ళు వెడల్పుగా ఉంటాయి. సన్నటి ఫుట్ వేస్తే కుడి పళ్ళ మీద ఒత్తిడి చాలక గుడ్డ పక్కకు తిరగవచ్చు. గైడు ఎంత సర్దినా చివర్లు వంకర పోతుంటే ఇది కూడా చూడండి.

కుట్టేటప్పుడు

సూదికి ఎదురుగా కూర్చోవాలి. పక్కనుంచి చూస్తే అంచు గైడుకు ఆనినట్టే కనిపిస్తుంది, ఆని ఉండదు. కన్ను సూది మీద ఉండకూడదు, అదెక్కడికీ పోదు. చూడాల్సింది ఫుట్ ముందు అంచు గైడును చేరే చోటు. వేగం సగానికి తగ్గించుకోండి.

మొదట ఒక చిన్న పీలిక మీద కుట్టు మొదలుపెట్టి, దారం తెంపకుండా అసలు ముక్కలు పెట్టండి. మొదటి మూల పళ్ళలో ఇరుక్కోదు. ముక్క తర్వాత ముక్క రెండు మూడు ఖాళీ కుట్లు వదిలి గొలుసుగా కుట్టుకుంటూ పోయి, చివర మళ్ళీ పీలిక మీద ముగించండి. దారం మిగలడం చిన్న లాభం. పెద్ద లాభం, చెయ్యి ఒకే వరసలో పడి కుట్లన్నీ ఒకేలా రావడం. అయితే యాభై ముక్కలు కుట్టి అప్పుడు కొలవడం మాత్రం తెలివితక్కువ. మొదటి రెండూ కుట్టగానే తెంపి, ఇస్త్రీ చేసి, కొలిచి, ఆపైన గొలుసు మొదలుపెట్టండి. రోజూ కూర్చోగానే ఇది ఒకసారి చేయాలి.

చివరి అంగుళం అన్నిటికంటే ప్రమాదం. ఫుట్ వెనక భాగానికే గుడ్డ మిగిలి, ముందు పట్టు వదలగానే ముక్క కొస ఎడమకో కుడికో తిరుగుతుంది. వేలు అక్కడిదాకా పెట్టలేం, పెట్టకూడదు. దబ్బనం మొనతోనో మొద్దు సూదితోనో కొసను నొక్కి పట్టి నడిపించండి. గుండుసూదులను కుట్టుకు అడ్డంగా గుచ్చి, సూది చేరేముందు తీసేయండి. వాటి మీదుగా కుడితే ఆ చోట ఫుట్ లేచి గీత పక్కకు పోతుంది.

మిషను పళ్ళు కింది పొరను లాగుతాయి, ఫుట్ పై పొరను కొంచెం ఆపుతుంది. అంచేత రెండు పొరల్లో ఒకటి కాస్త పొడుగైతే దాన్ని కింద పెట్టండి, పళ్ళే సర్దుకుంటాయి. పొడుగు పట్టీలు చాలా ఒకదాని పక్కన ఒకటి అతికేటప్పుడు అన్నీ ఒకే కొస నుంచి మొదలుపెడితే మొత్తం ఇంద్రధనస్సులా వంగుతుంది. ఒక కుట్టు పైనుంచి, తర్వాతిది కింది నుంచి. ప్రతి పట్టీ అతికాక ఇస్త్రీ చేసిన తర్వాతే ఇంకోటి.

ఇస్త్రీ

బట్టలు ఇస్త్రీ చేసినట్టు రుద్దకూడదు. పెట్టాలి, ఎత్తాలి. కుట్టినది తెరవకుండానే ముందు కుట్టు మీద పెట్టె ఒకసారి మోపండి, దారం గుడ్డలో కూర్చుంటుంది. తర్వాత పై ముక్కను వేలితో తెరిచి, మంచి వైపు నుంచి పెట్టె అంచుతో కుట్టును నెడుతూ నొక్కండి. వెనక నుంచి చేస్తే మంచి వైపు చిన్న మడత మిగిలిపోతుంది, కొలత అక్కడే పోతుంది. ఆవిరి గుడ్డను సాగదీస్తుంది, ముఖ్యంగా క్రాస్‌గా కోసిన అంచుల్ని, కాబట్టి బ్లాకు పూర్తయ్యేదాకా పొడి ఇస్త్రీయే నయం.

మార్జిన్‌ను ముదురు రంగు వైపు తిప్పడం వాడుక, లేత గుడ్డ కింద నీడ కనబడకుండా. కానీ వరసలు కలిపేటప్పుడు దానికంటే ముఖ్యమైనది, ఎదురెదురు కుట్ల మార్జిన్లు చెరో పక్కకు తిరిగి ఉండటం. అప్పుడు రెండు గట్లూ ఒకదానికొకటి ఆనుకుని లాక్ అవుతాయి, వేలితో తడిమితేనే తెలుస్తుంది. మార్జిన్ రెండు పక్కలకూ విప్పి ఇస్త్రీ చేస్తే బ్లాకు చదునుగా ఉంటుంది, మడతకు పోయే గుడ్డ కూడా తగ్గుతుంది. అయితే కుట్లకు లాక్ ఉండదు, ప్రతి కూడలికీ గుండుసూది కావాలి, కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లకు తగ్గించాలి. పద్ధతి మారిస్తే బొటాబొటి పావు కూడా మారుతుంది, మళ్ళీ పరీక్ష. ఒక క్విల్టులో రెండు పద్ధతులూ అవసరమైతే, ఏ కుట్టుకు ఏదో ముందే కాగితం మీద బాణాలు గీసుకోండి.

త్రికోణాలు

చదరపు ముక్కల్లో దాక్కున్న తప్పు త్రికోణాల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మొనలు తెగిపోతాయి కాబట్టి. రెండు చదరాలను ఎదురెదురుగా పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకు రెండు పక్కలా పావంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోస్తే, ఒక్కోటీ రెండు త్రికోణాలు కలిసిన రెండు చదరాలు వస్తాయి. నమూనాలు పూర్తి కొలతకు 7/8 అంగుళం కలపమంటాయి. 3 అంగుళాల గడికి 3 7/8. లెక్క సరైనదే, కానీ కుట్టులోనూ ఇస్త్రీలోనూ వెంట్రుకవాసి తప్పినా దిద్దడానికి చోటుండదు. నిండు 1 అంగుళం కలిపి 4 అంగుళాలు కోయండి, కుట్టి ఇస్త్రీ చేశాక 3.5కు చెక్కండి. స్కేలు మీది 45 డిగ్రీల గీతను కుట్టు మీద పెట్టి రెండు పక్కలు కోసి, ముక్క తిప్పి, మిగతా రెండు పక్కలు. కొంత గుడ్డ వృథా. ఆ వృథాకు విలువ ఉంది.

ఫ్లయింగ్ గీస్‌లో (పెద్ద త్రికోణానికి రెండు పక్కలా చిన్న త్రికోణాలుండే ముక్క) దీర్ఘచతురస్రం మూలన చదరం పెట్టి ఐమూల గీత మీద కుడతాం కదా, అక్కడ సరిగ్గా గీత మీద కాకుండా ఒక్క పోగు మూల వైపు కుట్టండి. తిప్పినప్పుడు మడతకు పోయే గుడ్డ అందులోంచి వస్తుంది, మూల అంచుదాకా చేరుతుంది. పూర్తయిన ముక్కలో మొన పై అంచుకు పావంగుళం కిందనే ఉండాలి. మొన అంచును తాకుతోందంటే అతికినప్పుడు అది తెగడం ఖాయం. అతికేటప్పుడు వెనక వైపు రెండు కుట్లు కలిసి ఇంటూ గుర్తులా కనబడే చోటు పైకి ఉండేలా పెట్టుకుని, సూది ఆ ఇంటూ గుర్తు నడుమ నుంచి ఒక్క పోగు అంచు వైపుగా వెళ్ళాలి. గైడు ఒక చోటూ ఇంటూ గుర్తు ఒక చోటూ చెబితే ఇంటూ గుర్తునే నమ్మండి.

మొనలు మరీ సన్నగా ఉండే నమూనాలకు, నక్షత్రాల లాంటివాటికి, కాగితం మీద కుట్టే పద్ధతి హాయి. కాగితం మీది గీతే కుట్టు, మార్జిన్ తర్వాత కోసుకుంటాం, కాబట్టి ఈ గైడుల గోలే లేదు. కుట్టు పొడవు 1.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే కాగితం సులువుగా చిరుగుతుంది.

తప్పు దొరికాక

రెండు ముక్కల పొడవులో పరక దాకా తేడా ఉండి, కుట్టు ఆరేడు అంగుళాలైనా ఉంటే సర్దవచ్చు. రెండు కొసలు, నడుమ గుండుసూదులు గుచ్చి, పొడుగుది కింద పెట్టి కుట్టండి. అంతకు మించితే సర్దకండి. సర్దిన చోట ఉబ్బు వస్తుంది, క్విల్టింగ్ చేసేటప్పుడు, అంటే పొరలన్నీ కలిపి కుట్టేటప్పుడు, ఆ ఉబ్బే ముడతవుతుంది.

మార్జిన్ తక్కువ పోయి ముక్క పెద్దదైతే విప్పక్కర్లేదు, లోపలగా మరో కుట్టు వేస్తే చాలు. ఎక్కువ పోయి ముక్క చిన్నదైతే, విప్పే ముందే సరైన చోట, అంచుకు దగ్గరగా, కొత్త కుట్టు వేసేయండి. తర్వాత పాతది రిప్పర్‌తో ప్రతి నాలుగో కుట్టూ తెంచి లాగేయండి. ముందే విప్పితే అంచులు రెండూ సాగి మళ్ళీ కలవవు. రెండుసార్లు విప్పిన ముక్కను మూడోసారి వాడే కంటే కొత్తది కోయడమే తొందరగా అయ్యే పని.

పూర్తయిన బ్లాకు 12.5కు బదులు 12 5/8 వచ్చింది, కోసేద్దామనిపిస్తుంది. అంచున త్రికోణాల మొనలుంటే కోయకండి. వాటి పైన ఉండాల్సిన పావంగుళం పోతుంది. ఒకే సెట్ బ్లాకులన్నీ పేర్చి కొలవండి. అన్నీ 12 5/8 అయితే మధ్యలో వచ్చే పట్టీలను ఆ కొలతకే కోసుకుంటే సరి. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి అయితే పెద్దవాటిలో తక్కువ మార్జిన్ పోయిన కుట్టు ఏదో వెనక తిప్పి వెతకండి. సాధారణంగా ఒకటో రెండో దొరుకుతాయి, పీలిక లేకుండా మొదలుపెట్టినవో, రోజు చివర్లో కుట్టినవో.